పసుపు పెడితే పెళ్లి చీరే

పెళ్లి చీరకు ఎంత పెట్టాలన్న చర్చ తెలుగిళ్లలో చాలాసార్లు దుకాణంలో కూర్చున్నాకే మొదలవుతుంది. అప్పటికి తెల్ల పరుపు మీద ముప్పై చీరలు విప్పి పడేసి ఉంటాయి. "మీ రేంజ్ ఎంతమ్మా?" అని సేల్స్‌మన్ అడిగేసి ఉంటాడు. తల్లి చెప్పిన అంకెకు మేనత్త ఇంకో ఐదు వేలు కలిపి ఉంటుంది. అక్కడి నుంచి మాటంతా రంగు గురించీ అంచు గురించీ సాగుతుంది కానీ, ఆ పరుపు మీద ఎవరూ వేయని ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. ఈ పెళ్లికి అసలు ఎన్ని చీరలు కావాలి? ఖర్చు తగ్గించుకోవాలనుకునే కుటుంబాలు సాధారణంగా ఒక్కో చీర ధరలో కోత పెడతాయి. ఇరవై వేలు అనుకున్నచోట పన్నెండుకి దిగుతాయి, పట్టు అనుకున్నచోట సెమీ పట్టుతో సరిపెట్టుకుంటాయి. చీరల లెక్క మాత్రం తొమ్మిది ఉంటే తొమ్మిదీ అలాగే ఉంటుంది. బిల్లు చివర చూస్తే మిగిలింది స్వల్పం, ఇంటికి చేరినవి కొన్నాళ్లకే జరీ నల్లబడే బట్టలు. కోత పడాల్సింది లెక్కలో అన్నది నా వాదన. చీరలు తగ్గితే మిగిలిన ఒకటి రెండూ మంచివే కొనవచ్చు, అదీ అప్పు లేకుండా. ఇందులో నేను కనిపెట్టిందేమీ లేదు. మన పెళ్లి తంతే ఈ లెక్కను ఎప్పుడో వేసి పెట్టింది.

తంతు మాట ముందుగా ఎందుకంటే, ఖర్చు తగ్గిద్దామన్న ప్రతి ప్రస్తావననీ పెద్దలు అక్కడే ఆపేస్తారు. "ఆనవాయితీకి లోటు చేస్తామా?" అంటారు. ఆనవాయితీ ఏం అడుగుతోందో చూద్దాం. మన రెండు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో మంగళసూత్రధారణ వేళకు వధూవరులు కట్టుకునేవి మధుపర్కాలు. తెల్లటి నూలు బట్ట, దానికి ఎర్రటి అంచు. మధుపర్కం నిజానికి పెళ్లికొడుక్కి మర్యాదగా ఇచ్చే తేనె, పెరుగు కలిపిన పానీయం పేరు. ఆ మర్యాదతో పాటు పెట్టే బట్టలకూ అదే పేరు నిలిచిపోయింది. జీలకర్ర–బెల్లం దాకా పట్టుచీరలో కూర్చున్న అమ్మాయి లోపలికి వెళ్లి ఆ నూలు చీర కట్టుకొచ్చాకే తాళి పడుతుంది. ఇది కులాన్ని బట్టీ ఊరిని బట్టీ మారుతుంది. కొందరికి తెల్ల చీరే పసుపులో ముంచి ఆరేసిన చీర, కొందరిళ్లలో తంతంతా పట్టుతోనే జరిగిపోతుంది. ఎవరి పద్ధతి ఏదైనా, కొత్త బట్ట కొసన పసుపు పెట్టడం మాత్రం దాదాపు అందరికీ ఉన్నదే. పాతిక వేల ధర్మవరమైనా వెయ్యి రూపాయల నూలు చీరైనా ఆ పసుపు చుక్క పడ్డాకే శుభకార్యానికి అర్హత పొందుతుంది. అంటే పెళ్లిలోకెల్లా ముఖ్యమైన ఘడియకు పెద్దవాళ్లు ఏర్పరిచింది పెట్టెలో ఉన్నవాటన్నిటిలోకీ చవకైన చీరను. ఈ సంగతి తెలియక కాదు, దానికి ధర లేదు కాబట్టి మనం దాన్ని లెక్కలోకి తీసుకోం. పెళ్లి సామాన్ల జాబితాలో మధుపర్కాలు పసుపు కుంకుమల వరసలో, పూజా సామగ్రి పక్కన ఉంటాయి.

ఆ చిన్న చీరకు ఉన్న గౌరవం మళ్లీ కొంత వెలుగులోకి వస్తోంది. 2024 డిసెంబరులో నాగచైతన్యను పెళ్లాడిన నటి శోభిత ధూళిపాళ, బంగారు జరీ కంచిపట్టుతో పాటు పొందూరులో నేసిన తెల్లటి ఖాదీ చీర, ఎర్ర అంచుతో, ఎంచుకున్నట్టు వార్తలు వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్న నూలుకు పేరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసే పద్ధతి ఇంకా బతికి ఉంది. అంతకుముందు, 1942లో ఇందిరా గాంధీ పెళ్లికి కట్టుకున్నది జైల్లో నెహ్రూ వడికిన నూలుతో నేసిన లేత గులాబీ రంగు ఖాదీ చీర. వీళ్లిద్దరికీ డబ్బుకు కొదవ లేదు కదా, వాళ్లు నూలు కడితే అది ఆదర్శం, మనం కడితే అది లేమి అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఆ నిజం చీర గురించి కాదు, చూసేవాళ్ల కళ్ల గురించి. దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందు లెక్క ఎలా పెరిగిందో చూడాలి. ఒకప్పుడు పెళ్లికూతుర్ని చేసిననాడు ఒకటి, పెళ్లికి ఒకటి, మధుపర్కం, అత్తవారింటి గృహప్రవేశానికి ఒకటి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ప్రధానం ఎంగేజ్‌మెంట్ అయింది, దానికో లెహంగా. మంగళస్నానం హల్దీ అయింది, దానికి పసుపు రంగు డ్రెస్సు. ఉత్తరాది నుంచి వచ్చిన మెహందీకి ఆకుపచ్చ, సంగీత్‌కి మెరుపులు. జీలకర్ర–బెల్లానికొకటి, తలంబ్రాలకొకటి, రిసెప్షన్‌కి గౌనో లెహంగానో, సత్యనారాయణ వ్రతానికి మళ్లీ పట్టు. వీటికి ముందు ప్రీ వెడ్డింగ్ షూట్ ఉండనే ఉంది. ఇవన్నీ సరదాలే, సరదాలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గమనించాల్సింది ఏమిటంటే, ఇందులో చాలా వేడుకలు గంట, రెండు గంటల్లో ముగుస్తాయి. వాటికి కొన్న బట్టలకు ఆ గంట తర్వాత పని ఉండదు. హల్దీ డ్రెస్సు పసుపు మరకలతో మూలన పడుతుంది, సంగీత్ లెహంగాకు మరో సంగీత్ దొరకదు. అరవై వేలు పెళ్లికూతురి బట్టలకు అనుకున్న ఇంటిని ఊహించండి. తొమ్మిది జతలకు పంచితే ఒక్కోదానికి ఆరేడు వేలు వస్తుంది. ఆ ధరలో తొమ్మిదీ మధ్యరకమే. అదే అరవైలో పెళ్లి పట్టుచీరకు పాతిక, వెయ్యీ రెండు వేలలో మధుపర్కం, రిసెప్షన్‌కూ వ్రతానికీ తర్వాత పండగలకూ పనికొచ్చే ఇంకో చీరకు ఎనిమిది, మిగతా వేడుకలకు బీరువాలో ఉన్నవో అద్దెవో అనుకుంటే, పెట్టుబడి చీరలకు కూడా కాస్త మిగులుతుంది. చీర నాణ్యత పెరిగింది, మొత్తం తగ్గింది.

ఒకే చీరను రెండు వేడుకలకు కట్టడమా అని అనేవాళ్లకు ఇంకో కోణం చూపించాలి. చీర అసలు ధర బిల్లు మీద ఉండదు. ఆ ధరను ఎన్నిసార్లు కట్టారో దానితో భాగిస్తే వచ్చేదే దాని ఖరీదు. నలభై వేల చీర జన్మలో రెండుసార్లు కడితే ఒక్కో కట్టుకు ఇరవై వేలు. పన్నెండు వేల చీర ఇరవైసార్లు కడితే ఆరొందలు. బరువైన పెళ్లి పట్టుచీరకు ఇంకో శాపం ఉంది, కట్టకపోతే పాడవుతుంది. జరీ అంటే లోహపు తీగ. ఏళ్ల తరబడి ఒకే మడత మీద బీరువాలో నొక్కుకుపోయి ఉంటే ఆ తీగ మడత దగ్గర విరిగి పట్టు పోగుల్ని కోస్తుంది. చాలా ఏళ్ల తర్వాత కూతురి ఓణీల ఫంక్షన్‌కి తీసేసరికి మడతలన్నీ చిట్లి ఉంటాయి. బాగా బరువని దాచిన చీర ఆ బరువు వల్లే పోతుంది. తేలికపాటి జరీతో, నాలుగు పెళ్లిళ్లకూ దసరాకూ దీపావళికీ కట్టుకునేలా కొన్న చీర గాలి తగులుతూ, మడత మారుతూ ఎక్కువ కాలం బతుకుతుంది. పెళ్లి చీరను మళ్లీ కట్టడం నామోషీ అన్న భావన కూడా సడలుతోంది. 2023 అక్టోబరులో జాతీయ చలనచిత్ర పురస్కారం అందుకోవడానికి ఆలియా భట్ తన పెళ్లి చీరే కట్టుకుని వెళ్లింది. మన 'ఆర్ఆర్ఆర్' సీత అలా వెళ్లినప్పుడు చీర పాతదని ఎవరూ అనలేదు.

ఇక బ్లౌజు. పెళ్లి బట్టల్లో డబ్బు నిశ్శబ్దంగా కారిపోయే చోటు ఇదే. దీని గురించి చీరంత చర్చ ఎందుకు జరగదో నాకు అర్థం కాదు. చీరతో పాటు ఎనభై సెంటీమీటర్ల జాకెట్టు ముక్క ఎలాగూ వస్తుంది. దాన్ని పక్కనపెట్టి విడిగా బట్ట కొని, మగ్గం వర్క్‌కి ఇచ్చి, పూసలు, కుందన్లు, జర్దోసీ, వీపున పల్లకీలో పెళ్లికూతురి బొమ్మా కుట్టించే సరికి కూలి చాలాసార్లు చీర ధరను దాటిపోతుంది. కుట్టేవాళ్ల శ్రమకు అది ఎక్కువేమీ కాదు, రోజుల తరబడి మగ్గం చట్రం మీద వంగి సూదితో చేసే పని అది. కానీ కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇంతకన్నా చేదు బేరం లేదు. చీర ఎవరికైనా సరిపోతుంది, ఎప్పుడైనా సరిపోతుంది. బ్లౌజు ఒకే మనిషికి, అదీ ఆ ఏడాది కొలతలకే సరిపోతుంది. పెళ్లికి ముందు సన్నబడి, పెళ్లయ్యాక మామూలయ్యే శరీరాలకు కుట్టే బట్ట అది. అందుకే పనితనం చేతుల దాకానో వీపు మీద చిన్న ముక్క దాకానో ఆపుకోవడం, రెండు మూడు చీరల మీదికి వెళ్లే బంగారు రంగునో ఎరుపునో ఎంచుకోవడం, లోపల కుట్టు దగ్గర రెండంగుళాల బట్ట వదిలిపెట్టమని టైలరుకు ముందే చెప్పడం, ఈ మూడూ కలిపి ఆదా చేసేది దుకాణంలో గంటసేపు బేరమాడినా దొరకదు. చీరతో వచ్చిన ముక్కనే, దాని జరీ అంచు చేతులకు వచ్చేలా కుట్టించినా చాలు. మన అమ్మమ్మల పెళ్లి ఫొటోల్లో ఉన్నది అదే, ఆ ఫొటోలే ఇప్పుడు అందరికీ ముద్దొస్తున్నాయి.

చీర మీదికి వద్దాం. ఒకటే కొనాలని నిర్ణయించుకున్నాక ఆ ఒకటీ ఏమిటో తెలిసి కొనాలి. పట్టుచీర ధరలో మూడు పాళ్లుంటాయి. పట్టు, జరీ, కూలి. దుకాణం వెలుగుల్లో మనల్ని ఆకట్టుకునేది జరీ, మోసపోయేదీ జరీ దగ్గరే. అసలు జరీ అంటే పట్టు పోగుకు వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పోసింది. బంగారు జరీ అన్న మాట విని మురిసిపోతాం కానీ అందులో బంగారం ఒక శాతం కూడా ఉండదు, బరువులో ఎక్కువ భాగం వెండిదే. పాత పట్టుచీరలు కొంటామని వీధుల్లో తిరిగేవాళ్లు కొనేది ఆ వెండి కోసమే. కిలో వెండి లక్ష రూపాయలు దాటిన ఈ రోజుల్లో నిండా అసలు జరీతో ఉన్న చీర పదివేలకు వస్తోందంటే వినగానే అనుమానపడాలి. రెండో రకం టెస్టెడ్ జరీ, రాగి తీగకు పైపూత. మూడోది ప్లాస్టిక్ జరీ, మెరిసే పాలియెస్టర్ పొర. ఈ రెండూ నేరాలేమీ కావు. టెస్టెడ్ జరీ చీరను టెస్టెడ్ ధరకు కొంటే అది తెలివైన బేరమే. తేలిగ్గా ఉంటుంది, ముహూర్తానికి మూడు గంటలు హోమం పొగ ముందు కూర్చునే పిల్లకు భుజం లాగదు. అసలుదని చెప్పి అమ్మితేనే ఇబ్బంది. సెమీ కంచి, సెమీ గద్వాల అనే పేర్లతో వచ్చేవీ అంతే. 'సెమీ' అన్న రెండక్షరాలు బోర్డు మీద పెద్దగా కనిపిస్తాయి, ధర చెప్పేటప్పుడు చిన్నగా వినిపిస్తాయి.

తేడా పట్టుకోవడానికి నిపుణులు అవసరం లేదు. కొంగు చివర కుచ్చుల్లోంచి రెండు పోగులు అడిగి తీసుకుని వెలిగిస్తే, పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి పొడిపొడి బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. కేంద్ర సిల్క్ బోర్డు 2004లో మొదలుపెట్టిన సిల్క్ మార్క్ లేబులు ఉంటే అది స్వచ్ఛమైన పట్టు అన్న హామీ. చేనేతకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. ఈ రెంటికీ తేడా చాలామంది గమనించరు. పట్టు అయినంత మాత్రాన చేనేత అనుకోవద్దు, మరమగ్గం మీదా అసలు పట్టు నేస్తారు. చీరను తిరగేసి చూడటం ఇంకో పద్ధతి. వెనకవైపు పోగులు ఎలా తెగి ఉన్నాయి, అంచూ ఒళ్లూ కలిసేచోట అల్లిక ఉందా లేక ఒకే ఊపులో నేసిందా అన్నది అక్కడ కనబడుతుంది. ఇవన్నీ చేస్తుంటే సేల్స్‌మన్ ముఖం మారుతుంది. మారనివ్వండి.

తక్కువ ఖర్చులో నిండైన చీర కావాలంటే కంచి దాకా బస్సెక్కాల్సిన పని లేదు. గద్వాల నేతగాళ్లు ఈ లెక్కను మనకన్నా ముందే వేశారు. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కుప్పడం పద్ధతిలో ఆ రెంటినీ పోగుపోగునా కలిపి నేస్తారు. జనం చూసేది అంచునూ కొంగునూ, ఒంటికి తగిలేది నూలు. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో, ఏసీ లేని కల్యాణమండపంలో, ఇంతకన్నా సౌఖ్యమైన పెళ్లి చీర ఇంకొకటి ఉందని నేననుకోను. పట్టు వాడకం తక్కువ కాబట్టి ధరా దిగుతుంది. నారాయణపేట చీరల చిన్న గళ్లు, దేవాలయం అంచు పెళ్లికూతుర్ని చేసే రోజుకు అందం. మంగళగిరి నూలు చీర, నిజాం అంచుతో, మధుపర్కానికీ వ్రతానికీ రెంటికీ నడుస్తుంది. వెంకటగిరి సన్న నూలు జరీ చీర తేలికదనంలో పట్టునే మరిపిస్తుంది. పోచంపల్లి ఇక్కత్ పట్టు, మన రెండు రాష్ట్రాల చేనేతల్లో ముందుగా భౌగోళిక గుర్తింపు పొందినది, జరీ మీద ఆధారపడదు. దాని అందమంతా పోగుకు నేతకు ముందే అద్దిన రంగులో ఉంటుంది కనుక వెండి ధర పెరిగినా దాని మీద భారం తక్కువ. ఉప్పాడ జాంధానీ మాత్రం ఈ జాబితాలోకి రాదు. ఒక్కో బుటానూ చేత్తో పెట్టి నెలల తరబడి నేసే చీర అది, చవగ్గా దొరికితే అది ఉప్పాడ కాదని అర్థం. ధర్మవరంలో బ్రోకేడ్ నిండా ఉన్నవాటి పక్కనే సన్న అంచుతో, ఒళ్లంతా సాదాగా ఉన్నవీ నేస్తారు. పెళ్లి చీర వెతికే కళ్లు వాటి మీద ఆగవు, ఆగాలి.

ఇక్కడే బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. అందరూ చీరలు తగ్గించుకుంటే నేతగాడి పొయ్యి ఎలా వెలుగుతుంది? పెళ్లిళ్ల సీజనే కదా మగ్గానికి తిండి పెట్టేది? ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. 2019–20 నాటి నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత పని మీద ఉన్నారు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల వరకు నెల రాబడి 5,000 రూపాయల లోపే. కానీ పెళ్లి బట్టల ఖర్చు పెరిగిన ఈ ఇరవై ఏళ్లలో ఆ రాబడి ఎందుకు పెరగలేదు? మనం పెట్టే డబ్బు అటు వెళ్లడం లేదు కాబట్టి. తొమ్మిది జతల్లో లెహంగాలు, గౌన్లు, సెమీ పట్టు, ప్లాస్టిక్ జరీ ఫ్యాన్సీ చీరలు పోగా చేనేత మగ్గం మీదికి వెళ్లేది ఒకటో రెండో. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద కొన్ని రకాల చీరలతో సహా 11 రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించినా, మరమగ్గం నకళ్లు చేనేత పేరుతో అమ్ముడుపోతూనే ఉన్నాయి. ఆ నకలును కొంటున్నది 'తక్కువలో ఎక్కువ చీరలు' కావాలనుకునే మనమే. ఆరు వేల నకళ్లు నాలుగు కొనే ఇల్లు, పదిహేను వేల అసలు చేనేత ఒకటి కొంటే ఇంటికి తొమ్మిది వేలు మిగులుతాయి, నేతగాడికి వారం పది రోజుల కూలి దక్కుతుంది. సొసైటీల్లో, ఆప్కో లాంటి సంస్థల్లో, లేదా నేరుగా ఊరికి వెళ్లి కొంటే మధ్యలో పోయేది ఇంకా తగ్గుతుంది. చీరలు తగ్గించుకోవడం నేతకు ద్రోహం కాదనడానికి ఇంతకన్నా లెక్క అవసరం లేదు. అయితే ఒకమాట ఒప్పుకోవాలి. ఒక్క చీరే కొంటూ అదీ బేరమాడి బేరమాడి కూలి కిందికి లాగితే నా వాదన నిలబడదు. ఆదా చేయాల్సింది సంఖ్యలో, నేతగాడి దగ్గర కాదు.

రెండో అభ్యంతరం పరువు. "మా అమ్మాయి చీర ఎంతదో మీ వాళ్లు అడిగితే ఏం చెప్పాలి?" అని. ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ అప్పులు చేయించేది ఇదే. చీటీ పాడి, చేబదులు తెచ్చి, బంగారం తాకట్టు పెట్టి కొన్న చీరలు మన చుట్టూ ఉన్నాయి. దీనికి తర్కంతో జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే అడిగేవాళ్లు తర్కంతో అడగరు. కానీ ఒక వాస్తవం ఉంది. పెళ్లి బట్టల బిల్లులో పెళ్లికూతురి చీర ఒక భాగం మాత్రమే. అత్తగారికి, ఆడపడుచులకు, మేనత్తలకు, పిన్నులకు, వియ్యంకుల వైపు బంధువులకు పెట్టే చీరలు కలిపితే అది పెద్ద పద్దు. తెలంగాణలో ఒడిబియ్యం చీరలు మళ్లీ వేరు. పెట్టుబడి చీరల తీరు అందరికీ తెలుసు. ఇచ్చినవాళ్లకు బరువు, పుచ్చుకున్నవాళ్లకు నచ్చదు, కవరు విప్పకుండానే ఇంకో పెళ్లికి చేరిపోతుంది. పరువు కోసం పెళ్లికూతురి చీరను పెంచేకన్నా ఈ పద్దును ఇరువైపులా కూర్చుని కుదించుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఎవరికి పెట్టాలి, ఎంతలో పెట్టాలి అన్నది సంబంధం ఖాయమైన రోజే మాట్లాడుకుంటే, ఒకరు పెంచారని ఇంకొకరు పెంచే పోటీ ఉండదు. ఆ మాట ఎత్తడానికి మొహమాటపడి నెలలు గడిపేవాళ్లే పెళ్లికి వారం ముందు పరుగులు పెడతారు.

మూడోది పెళ్లికూతురి మాట, దీన్ని అన్నిటికన్నా గౌరవంగా వినాలి. "జీవితంలో ఒక్కసారి, నాకు నచ్చింది కట్టుకోనివ్వండి" అంటుంది అమ్మాయి. కట్టుకోవాల్సిందే. పెళ్లి పేరుతో ఆమె ఇష్టాయిష్టాలు పట్టించుకోని ఇళ్లలో చీర ఒక్కటైనా ఆమె ఎంపిక కావడం న్యాయం. పొదుపు పాఠాలన్నీ ఆమెకే చెప్పి, భోజనాల్లో ముప్పై రకాలు, మండపానికి విదేశీ పూలు తెప్పించడం నాకూ నచ్చదు. సంఖ్య తగ్గించమన్న వాదన ఆమె ఇష్టానికి ఎదురుపడేది కాదు. తొమ్మిది జతలు ఎంచుకునేటప్పుడు అందులో ఆరు పెద్దలు, కెమెరా మనిషి, స్నేహితుల రీల్స్ కలిసి ఎంచుకున్నవే అవుతాయి. ఒకటో రెండో ఎంచుకోవాల్సి వస్తే ఆమె మాటకు బలం వస్తుంది. లెహంగానే కట్టుకుంటానంటే అదీ ఆమె ఇష్టమే, కాకపోతే లెక్క తెలిసి కొనాలి. కుట్టిన దుస్తులు 2,500 రూపాయలు దాటితే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. చీర బట్ట కిందికి వస్తుంది కనుక 5 శాతమే. అందుకే లెహంగాను కొనేకన్నా అద్దెకు తీసుకోవడం మేలు. ఇంకొకరు వేసుకున్నదా అని పెద్దలు ముఖం చిట్లిస్తారు కానీ, ప్రీ వెడ్డింగ్ షూట్‌కి గౌన్లు అద్దెకే తెస్తున్నారు, పెళ్లిలో నగలు చాలావరకు అద్దెవే. తంతుకు కట్టే చీర సొంతం కావాలన్న పట్టింపు అర్థమవుతుంది. రిసెప్షన్ ఫొటోల మీద ఆ పట్టింపు ఉండాల్సిన అవసరం కనిపించదు.

సొంతమే కావాలన్నా కొత్తదే కానక్కర్లేదు. హైదరాబాదీ ముస్లిం పెళ్లిళ్లలో ఖడా దుపట్టా ఇంట్లోనే ఒకరి నుంచి ఒకరికి వస్తుండటం ఉంది. పాతది కావడం అక్కడ లోపం కాదు, ఆ ఇంటి పేరు. తెలుగు క్రైస్తవుల పెళ్లిలో కట్టే తెల్ల చీరకు ఇంకో వెసులుబాటు ఉంది. చాలా సంఘాల్లో ఆదివారం ఆరాధనకూ క్రిస్మస్‌కూ తెల్ల చీర కట్టే అలవాటు ఉంది కనుక, మరీ పూసలతో బరువెక్కించకపోతే అది ఏళ్ల తరబడి కట్టుకోవచ్చు. హిందూ ఇళ్లలోనూ తల్లి పెళ్లి చీరను కూతురు కట్టడం మెల్లగా వస్తోంది. చిట్లినచోట కత్తిరించి అంచునూ కొంగునూ కొత్త పట్టు బట్టకు అతికించి ఇచ్చే దర్జీలు ఉన్నారు. వెండి కోసం కొనేవాళ్లకు అమ్మేముందు ఆ దారీ చూడవచ్చు.

ఎప్పుడు కొనాలి అన్నది మిగిలింది. ముహూర్తాల ముందు వారం ధరలన్నీ బిగుసుకుంటాయి. డిసెంబరులో రెండు వారాల సెలవుకు అమెరికా నుంచి వచ్చిన కుటుంబాలు, తీరిక లేక, మొదటి దుకాణంలోనే అన్నీ కట్టించుకుని వెళ్తాయి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢంలో ఉండవు. అందుకే ఆషాఢం సేల్ అన్నది మన దగ్గర ఒక పండగలా తయారైంది. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు, కార్తీకంలో పెట్టుకున్నవాళ్లకు కూడా, అది మంచి అదను. కానీ డిస్కౌంట్ బోర్డు చూసి సంఖ్య పెంచుకోకూడదు, ఒకటికి ఒకటి ఉచితం అన్నచోట మనకు కావలసింది ఆ మొదటిది మాత్రమే. సెలవు రోజు సాయంత్రం కాకుండా మామూలు రోజు పొద్దున్నే, నలుగురు మించకుండా వెళ్తే చూపించేవాళ్లకూ ఓపిక ఉంటుంది. పసుపు రాసిన ముఖానికి, మండపంలో పగటి వెలుగుకు ఏ రంగు నప్పుతుందో దుకాణం బల్బుల కింద తెలియదు. నచ్చిన రెండు చీరల్నీ గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో పరిచి చూపించమని అడగండి. చాలాచోట్ల కాదనరు.